కాల్ ఏ లేయర్‌లో తెగింది?

టెలికాం ప్రోటోకాల్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లు ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు లేయర్ల పేర్లూ గడగడా అప్పజెప్పేస్తారు. కింది లేయర్‌లో తప్పు జరిగితే పై లేయర్‌కు ఏమని చెప్పాలని అడగండి, చాలామంది ఆగిపోతారు. డెవలప్‌మెంట్‌లోనైనా టెస్టింగ్‌లోనైనా రోజూ తలపడాల్సింది ఈ ప్రశ్నతోనే.

వోల్టీ కాల్స్‌ను కలిపే సిప్ ప్రోటోకాల్‌నే తీసుకోండి. దాని మూలపత్రం ఆర్ఎఫ్‌సీ 3261. 2002లో వచ్చింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. యూడీపీ మీద ఇన్వైట్ పంపాక అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ట్రాన్సాక్షన్ లేయర్ అర సెకనుకు మళ్లీ పంపుతుంది. ఆ తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు... ఇలా వ్యవధి రెట్టింపవుతూ పోతుంది. 32 సెకన్లకూ జవాబు రాకపోతే టైమౌట్ అని పైకి చెబుతుంది. పై లేయర్ దాన్ని 408 అనే సిప్ రెస్పాన్స్ కోడ్ వచ్చినట్టే లెక్కవేయాలి. అసలు పంపడమే కుదరలేదని ట్రాన్స్‌పోర్ట్ లేయర్ చేతులెత్తేస్తే 503 వచ్చినట్టు లెక్క. ఆ నంబర్లను ఏ సర్వరూ పంపలేదు. కింద జరిగిన తప్పును పై లేయర్ తనకు అర్థమయ్యే రూపంలోకి మార్చుకుంది, అంతే.

దీన్ని చదివి వదిలేయకండి, చేసి చూడండి. లినక్స్‌లో, పైథాన్‌తో, 32 సెకన్ల టైమౌట్ పెట్టి ఒక చిన్న క్లయింట్ రాసి, సిప్ సర్వర్ నడవని మరో కంప్యూటర్‌కు ఇన్వైట్ పంపండి. మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడకపోతే, పోర్ట్ తెరిచి లేదని చెప్పే ఐసీఎంపీ మెసేజ్ వైర్‌షార్క్‌లో వెంటనే కనిపిస్తుంది. మీ ప్రోగ్రాం మాత్రం ఏమీ తెలియనట్టు ఎదురుచూస్తూనే ఉంటుంది! యూడీపీ సాకెట్‌ను కనెక్ట్ చేయకపోతే, ప్రత్యేకంగా అడిగితే తప్ప లినక్స్ ఆ తప్పును ప్రోగ్రాంకు అందించదు. కనెక్ట్ చేసి మళ్లీ పంపండి, ఈసారి ఎర్రర్ వచ్చేస్తుంది. తర్వాత అవతలి ఫైర్‌వాల్‌లో డ్రాప్ రూల్ పెట్టండి. ఐసీఎంపీ కూడా రాదు, 32 సెకన్లూ ఆగాల్సిందే. సమాచారం ఏ లేయర్ దగ్గర ఆగిపోతోందో ఇంత స్పష్టంగా చూపే ప్రయోగం నాకు మరొకటి తెలియదు.

రీట్రై విషయంలో కొత్తవాళ్లు తరచూ పొరబడతారు. ఒకదానిపై ఒకటి ఉన్న మూడు లేయర్లూ తలా మూడుసార్లు ప్రయత్నిస్తే, ఒక్క కాల్‌కు అడుగున 27 మెసేజ్‌లు వెళ్తాయి. అసలే లోడ్‌తో సతమతమవుతున్న సర్వర్ దాంతో కుప్పకూలుతుంది. మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒకే లేయర్‌కు ఉండాలి. మిగతావి తప్పును ఉన్నదున్నట్టు పైకి చెప్పాలి.

గేట్‌వేల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. పాత టెలిఫోన్ నెట్‌వర్క్ నుంచి కాజ్ 17, అంటే యూజర్ బిజీ, వస్తే సిప్ వైపు 486గా మారాలి. కాజ్ 34, అంటే సర్క్యూట్ ఖాళీ లేదు, వస్తే 503గా మారాలి. అన్నింటినీ 500 కింద కట్టేస్తే అసలు కారణం అక్కడితో పోతుంది.

ఆర్ఎఫ్‌సీ 3261లో 8.1.3.1, 17.1.1 సెక్షన్లు ఈ వారమే చదవండి. పై ప్రయోగంలోని మూడు క్యాప్చర్లూ దాచుకుని, రెజ్యూమెలో ప్రాజెక్టుగా రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే ప్యాకెట్ తెరిచి చూపిస్తూ జవాబు చెప్పండి.