తప్పు తీర్పును దిద్దేదెవరు?

అమెరికాలో నిర్దోషుల విడుదల అనగానే చాలామందికి డీఎన్‌ఏ, 1992లో పుట్టిన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ గుర్తొస్తాయి. కానీ అలబామాలో వాల్టర్ మెక్‌మిలియన్‌ను కాపాడింది ప్రయోగశాల కాదు. హత్య కేసులో జ్యూరీ యావజ్జీవం సూచించినా, 1988లో న్యాయమూర్తి మరణశిక్షే వేశారు. ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ స్థాపకుడు, న్యాయవాది బ్రయాన్ స్టీవెన్సన్ తవ్వగా ప్రధాన సాక్షి తాను అబద్ధమాడానన్నాడు. డిఫెన్స్‌కు ఇవ్వని టేపూ బయటపడింది. 1993లో విడుదల.

అంటే వ్యవస్థే తనను దిద్దుకుందిగా అనొచ్చు. కానీ అంతకుముందు అప్పీళ్లను పలుమార్లు తోసిపుచ్చిందీ ఆ వ్యవస్థే. పట్టువదలని వకీలు దొరకడం అదృష్టం, అదృష్టాన్ని రక్షణ అనలేం. అందుకే స్టీవెన్సన్ చట్టాన్నీ ప్రశ్నించారు: మైనర్లకు పెరోల్ లేని యావజ్జీవం తప్పనిసరి చేయడం చెల్లదన్న మిల్లర్ వర్సెస్ అలబామా తీర్పు (2012) ఆయన వాదనకే వచ్చింది. జ్యూరీని కాదనే న్యాయమూర్తి అధికారాన్ని అలబామా 2017లో తీసేసింది. పాత శిక్షలకు మాత్రం అది వర్తించలేదు.