ఇంటి గుట్టు – చేతి ఫోను

కాల్హేరులో మరమగ్గముల చప్పుడు నడుమ పెరుగుచున్న తెలుగు పిల్లలకు ఇంట ఒక కొలువు కలదు. జీతము మాత్రము లేదు. తల్లిదండ్రుల ఫోనుకు వచ్చిన సందేశమును చదివి చెప్పుటయే ఆ కొలువు. పూర్వము స్వగ్రామము నుండి ఉత్తరము వచ్చినచో, చదువు వచ్చిన పొరుగువాడు చదివి పెట్టెడివాడు. ఇంటి అప్పులు, పెండ్లి మాటలు అన్నియు అతనికి తెలిసెడివి. కాని అతడు మన మెరిగినవాడు.

నేడు ఫోనులో మాటలాడువాడు ఎవడో మన మెరుగము. బ్యాంకు పంపు ఓటీపీ సందేశము తరచుగా ఇంగ్లీషున నుండును. "దీనిని ఎవరికిని చెప్పవలదు" అను హెచ్చరికయు అందులోనే యుండును. ఇంగ్లీషు రాని తల్లి ఆ హెచ్చరికను చదువలేదు, అంకెలను మాత్రము చదువగలదు. బ్యాంకువాడనని చెప్పుకొన్నవానికి ఆ అంకెలనే చదివి వినిపించును. ఓటీపీ యనగా ఒక్కసారికి పనికివచ్చు తాళపుచెవి. ఆ ఒక్కసారియే దొంగకు చాలును. యూపీఐ పిన్ను సంగతియు తెలియవలెను: సొమ్ము పంపుటకు అది కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. "మీకు డబ్బు వచ్చినది, పిన్ను కొట్టుడు" అన్నవాడు మోసగాడే.

"అతడు నా పేరు పెట్టి పిలిచినాడు గదా" యని అమ్మ యనవచ్చును. పేరు తెలియుట వింత కాదు. 24 రాష్ట్రములలో 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరములను అమ్మకమునకు పెట్టినాడని 2023లో సైబరాబాదు పోలీసులు ఒకనిని పట్టుకొనిరి. పేర్లు, ఫోను నంబర్లు సంతలో సరకు వలె అమ్ముడుపోవుచున్నవి.

ఆధార్ నకలును అడిగినచోట నెల్ల ఇచ్చివేయుట మనకు అలవాటు. మొదటి ఎనిమిది అంకెలను మరుగుపరచి, చివరి నాలుగింటిని మాత్రము చూపు ప్రతిని ఆధార్ సంస్థయే ఇచ్చుచున్నది. చాలిన చోట దానినే ఇయ్యుడు. నాన్న పేరిట ఎన్ని సిమ్ములు నడచుచున్నవో కేంద్ర ప్రభుత్వము వారి సంచార్ సాథీలో చూడవచ్చును. ఎరుగని నంబరు కనబడినచో అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ హక్కు మీ యమ్మకును కలదు. ఆమె సందేశములను చదివెడి మీరు వానిని స్నేహితుల యెదుట విప్పరాదు!

సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. అక్కడ హిందీలోనో మరాఠీలోనో చెప్పవలసివచ్చినచో, ఆ కొలువును మీదే.