గతిపాలక చక్రం: తేలికయా, బరువా?

కుమ్మరి సారెను చూడనివారు మన పల్లెల్లో అరుదు. కర్రతో నాలుగు మార్లు తిప్పి వదిలిన పిమ్మట అది తనంత తానే తిరుగుతూ ఉంటుంది. ఆ వ్యవధిలోనే కుండ రూపు దిద్దుకొంటుంది. సారె తనలో నిలువ చేసుకొన్న గతిజ శక్తిని కొంచెం కొంచెంగా వ్యయపరచడమే ఇందలి రహస్యం. కారు ఇంజనులోని ఫ్లైవీలు, అనగా గతిపాలక చక్రం, చేసే పని కూడా ఇదే.

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ అరచుట్టు తిరిగేసరికి ఒక్క సిలిండరు మాత్రమే శక్తినిస్తుంది. నడుమ ఏర్పడే లోటును ఫ్లైవీలు పూరిస్తుంది. పొలాల్లోని పాతకాలపు ఒంటి సిలిండరు ఆయిలింజనులో రెండు చుట్లకు ఒక్కసారే శక్తి పుడుతుంది. కనుకనే దానికి అంతటి భారీ చక్రాలు.

స్పోర్ట్స్ కారుపై మక్కువగల యువకులు ఒక ప్రశ్న వేస్తుంటారు: "ఈ చక్రాన్ని తేలిక చేస్తే బండి వేగం పెరుగుతుంది కదా?" దీనికి జవాబు మన భౌతిక శాస్త్ర పాఠంలోనే ఉన్నది.

14 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 8 కిలోల ద్రవ్యరాశి గల సమమైన బిళ్ళను ఊహించుకొందాం. దాని స్థానంలో అదే కొలతగల 5 కిలోల చక్రాన్ని అమర్చామనుకొందాం. ద్రవ్యరాశిని వ్యాసార్ధపు వర్గంతో హెచ్చించి సగం చేస్తే జడత్వ భ్రామకం వస్తుంది. తేడా 0.0294 కిలోగ్రాము-చదరపు మీటర్లు. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 14, టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు అయితే, త్వరణ సమయంలో ఇది కారు నుండి సుమారు 64 కిలోలు దించినదానితో సమానం. నిష్పత్తి 4 ఉండే పై గేరులో ఆ లాభం 5 కిలోలకు పడిపోతుంది. ఇంజను గరిష్ఠ శక్తి గాని, కారు గరిష్ఠ వేగం గాని ఏ మాత్రం పెరగవు.

ఇక నష్టం చూద్దాం. నిమిషానికి 1500 చుట్ల వద్ద బరువు చక్రంలో 967 జౌళ్ళ శక్తి నిలువ ఉంటే, తేలిక చక్రంలో 604 మాత్రమే. కాబట్టి బండి కదిలేటప్పుడు ఇంజను తరచు ఆగిపోతుంది, నిలకడగా తిరగదు. క్లచ్‌ను ఎక్కువసేపు జార్చవలసి వస్తుంది. ఆ వేడిని పీల్చుకొనే లోహం కూడా తగ్గినందున క్లచ్ త్వరగా పాడవుతుంది.

అన్నింటికన్న ముఖ్యమైనది ప్రాణభద్రత. నిమిషానికి 6000 చుట్ల వద్ద ఈ చక్రపు అంచున ఉన్న ఒక్క గ్రాము లోహాన్ని పట్టి ఉంచడానికి సుమారు ఐదున్నర కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. పోత ఇనుము సాగుడు ఒత్తిడికి ఓర్వదు. పాత చక్రాన్ని లేత్‌పై ఇష్టానుసారం చెక్కిస్తే, అది ఒకనాడు పగిలి డ్రైవరు కాళ్ళవైపే ముక్కలుగా దూసుకు రావచ్చు. మార్చక తప్పదనుకొనేవారు ఆ ఇంజనుకై తయారైన ఉక్కు చక్రాన్నే ఎన్నుకొని, సంతులనం సరిచూపించుకోవాలి. అల్యూమినియం చక్రమైతే క్లచ్ రాపిడి తగిలే చోట ఉక్కు పలక ఉండి తీరాలి.

మన మేడ్చల్ బజారును తలచుకోండి. ఆటోలు, బస్సులు, బడి పిల్లల నడుమ అడుగడుగునా ఆగి కదలాలి. మొదటి గేరులోని ఆ 64 కిలోల లాభాన్ని వాడుకొనే చోటు కాదది. క్లచ్ అరిగే చోటు. శామీర్‌పేట వద్ద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దారి విశాలమే, కాని అక్కడ పై గేరులో లాభం 5 కిలోలే. లాభమున్న చోట దారి లేదు. దారి ఉన్న చోట లాభం లేదు! పందెపు బాటలో మాటిమాటికి గేర్లు మార్చేవానికి తేలిక చక్రం మేలు. నిత్యం రోడ్డుపై తిరిగేవానికి కంపెనీ అమర్చిన చక్రమో, స్వల్పంగా మాత్రమే తగ్గించినదో చాలు.

విద్యార్థి మిత్రులారా! కష్టార్జితాన్ని మెకానిక్ చేతిలో పెట్టకముందు కాగితంపై పది నిమిషాలు లెక్క వేయండి. వేగం కన్న వివేచన మిన్న.