చెరువుపై పచ్చని తెట్టు: కాచినను పోని విషము

నీటిని గుడ్డతో వడగట్టి మరుగ కాచిన చాలు, ఎట్టి చెరువు నీరైనను త్రాగవచ్చునని మన ఇండ్లలో గట్టి నమ్మకము కలదు. కలరా, విరేచనములు కలిగించు క్రిముల విషయములో కాచుట మంచి పనియే. కాని వేసవిలో చెరువుపై తేలు ఒక రకపు పచ్చని తెట్టు విషయములో ఈ రెండు ఉపాయములును చాలవు. ఏల చాలవో ప్రతి నేత కుటుంబమును తెలిసికొనవలెను.

ఆ తెట్టును నీలి ఆకుపచ్చ నాచు అందురు. పేరునకు నాచే గాని, నిజమునకు ఇది బాక్టీరియా జాతికి చెందిన సూక్ష్మజీవి. ఎండ కాసి, గాలి లేక, నిలువ నీటిలో భాస్వరము, నత్రజని హెచ్చుగా చేరినచో కొద్ది దినములలోనే చెరువంతయు ఆకుపచ్చ రంగు పోసినట్లగును. తెట్టు చచ్చి ఎండిన చోట నీలి చారలు కనిపించును. ఆ నీలము మన రంగు గాబులోని నీలిమందు కాదు. చచ్చిన కణములనుండి వెలువడు వేరొక రంగు.

ఈ జాతిలో అన్నియు విషము చేయవు. చేయువానిలో కొన్ని కాలేయమును, కొన్ని నరములను దెబ్బతీయును. నరవిషము పనిచేయు తీరు మగ్గముతో పోల్చిన సులభముగా తెలియును. కాలు త్రొక్కిన పడుగు విచ్చును, కాలు తీసిన మూసికొనును. అట్లే నరము ఆజ్ఞ ఇచ్చిన కండరము బిగియును, ఆజ్ఞ తీరిన సడలును. అనటాక్సిన్ అను విషము నరమునకు బదులు తానే ఆజ్ఞ ఇచ్చి విడువక పట్టును. త్రొక్కిన కాలు తీయనట్లన్నమాట. కండరము అలసి చచ్చుబడును. గ్వానిటాక్సిన్ అనునది ఆజ్ఞను తుడిచివేయు రసమును అడ్డగించును. కొన్ని పురుగుమందులు పనిచేయు తీరును ఇదియే. సాక్సిటాక్సిన్ ఆజ్ఞనే సాగనీయదు. మూడింటిలోను ఊపిరి ఆడించు కండరములు నిలిచిపోయినప్పుడే ప్రాణము పోవును.

అనటాక్సిన్ ఎంత వేగముగా చంపునో చూచి, కెనడా శాస్త్రజ్ఞులు దానికి మొదట అతిశీఘ్ర మరణకారకము అని పేరిడిరి. 1991లో ఆస్ట్రేలియాలోని బార్వన్-డార్లింగ్ నదిపై సుమారు 1000 కిలోమీటర్ల పొడవున ఈ తెట్టు పరచుకొని పశువులను చంపెను. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. 2020లో బోట్స్వానా దేశములో 330 ఏనుగులు చనిపోగా, ఈ నాచు చేసిన నరవిషమే కారణమని అచ్చటి ప్రభుత్వము తెలిపెను. ఇంతవరకు బలియైనవి ఎక్కువగా పశువులు, కుక్కలు, అడవి జంతువులు. పెద్దలు ఆ నీటిని చూచియే అసహ్యింతురు. మేకకును చంటిబిడ్డకును ఆ విచక్షణ ఉండదు.

ఇక కాచుట సంగతి. వేడికి క్రిమి చచ్చును గాని విషము నశించునని నమ్మరాదు. పైగా కణములు పగిలి లోపలి విషము నీటిలో కలియును. నీటిలో కరగిన విషమును ఎంత సన్నని నేతగుడ్డయు పట్టజాలదు. రంగు పనివారి ఇండ్లలో ఉండు మైలుతుత్తము చల్లి తెట్టును చంపుటయు ఇట్టి ప్రమాదమే. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపమున త్రాగునీటి జలాశయములో మైలుతుత్తము వేసిన కొలది దినములకు 148 మంది జబ్బుపడిరి. వారిలో అత్యధికులు పిల్లలు. అచ్చటిది కాలేయమును, మూత్రపిండములను దెబ్బతీయు విషము. పగిలిన కణములనుండి విషము బయటపడుట మాత్రము అన్నింటికి సమానమే.

గుర్తుపట్టుటకు ఒక కఱ్ఱను తెట్టులో ముంచి తీయుడు. నూలుపోగుల వలె వ్రేలాడినచో అది మామూలు పాచి కావచ్చును. రంగులో ముంచినట్లు కఱ్ఱకు పూతగా అంటినచో అనుమానింపవలెను. విషము కలదో లేదో కంటికి తెలియదు, పరీక్షాలయములోనే తేలును. అందుచే అనుమానము కలిగిన నీటిని విషముగానే ఎంచుట మేలు.

మన వృత్తిలో పాటింపవలసినవి ఇవి. ఆ నీటితో గంజి కాచరాదు, నూలు తడుపరాదు. నాడె కంటినుండి పోగును నోటితో పీల్చు అలవాటు గలవారు కండెలను మంచినీటనే తడుపవలెను. పిల్లలను ఈతకు, పశువులను నీటికి ఆ చెరువునకు పోనీయరాదు. నూలు ఉతికిన సబ్బునీరు, పేడ, మురుగు చెరువులో కలియనీయక వేరు గుంటకు మళ్ళింపవలెను. ఆ తెట్టునకు మేత వేయువారిలో మనమును ఉండరాదు.

అట్టి నీరు త్రాగినవారికి పెదవులు తిమ్మిరెక్కినను, చొంగ కారినను, కాళ్ళు తూలినను, ఊపిరి బరువైనను నాటువైద్యముతో ఆలస్యము చేయక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. చెరువు నీటి సంగతి వైద్యునకు తప్పక చెప్పుడు. అనటాక్సిన్, సాక్సిటాక్సిన్ అను వీనికి విరుగుడు మందు లేదు. విషము దిగువరకు ఊపిరి నిలిపి ఉంచుటయే చికిత్స.

తెట్టు కనబడిన నాడే ప్రతి శాఖా సంఘమువారును పంచాయతీకి గాని పురపాలక సంఘమునకు గాని వ్రాసి నీటిని పరీక్ష చేయింపవలెను. ఫలితము వచ్చువరకు చెరువుగట్టున హెచ్చరిక పలకను కట్టవలెను. దానిని తెలుగులోను, ఆ సీమ భాషలోను వ్రాయించినచో ఇరుగుపొరుగువారి బిడ్డలును, పశువులును క్షేమముగా ఉండును.