ర్యాగింగ్ కేసుల్లో మైనర్లు: శిక్షా, సంస్కరణా?

ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం (1997) వేధింపు తీవ్రతను బట్టి శిక్ష పెంచుతుంది. హేళన చేసి అవమానిస్తే 6 నెలల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 5 ఏళ్ల వరకు జైలు; బాధితుడు ఆత్మహత్య చేసుకునేలా చేస్తే పదేళ్ల వరకు జైలు లేదా యావజ్జీవం. నిందితుడికి 18 ఏళ్లు నిండకపోతే మాత్రం బాలల న్యాయ చట్టం (2015) వర్తిస్తుంది. ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్, గరిష్ఠంగా 3 ఏళ్లు ప్రత్యేక గృహం దాని చేతిలోని మార్గాలు.

16 ఏళ్లు నిండినవారిని పెద్దవారిలా విచారించాలంటే అది ‘ఘోర నేరం’ కావాలి, అంటే కనీస శిక్షే 7 ఏళ్లు ఉండాలి. శిల్పా మిట్టల్ కేసులో (2020) సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. చాలామంది తరచూ పొరబడేదీ ఇక్కడే: గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా చాలదు. ఆత్మహత్యకు దారితీసిన ర్యాగింగ్‌కు కనీస శిక్ష లేదు కనుక అది ఈ కోవలోకి రాదు, హత్య వస్తుంది. అప్పుడు కూడా బాలుడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను బోర్డు ముందుగా అంచనా వేయాలి. మరణశిక్ష, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం నిషిద్ధం. ఇది న్యాయమైన హద్దే. బోర్డు అలా పంపిన కేసును విచారించే పిల్లల కోర్టు శిక్షించినా 21 ఏళ్లు నిండేదాకా జైలుకు పంపరు.