లియోన్ వెళ్తే ఎక్కడ తినాలి?

ప్రశ్న: వేసవిలో ఫ్రాన్స్ వెళ్తున్నాం. లియోన్‌లో అక్కడి వంటలే తినాలని కోరిక. మాలో ఇద్దరు శాకాహారులు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లియోన్ అసలు రుచులు ‘బూషోఁ’ అనే చిన్న హోటళ్లలో దొరుకుతాయి. ముందుగా వేళ చూసుకోవాలి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, మళ్లీ రాత్రి 7 దాటాకే వడ్డన. మధ్యలో చాలాచోట్ల వంటగది మూసేస్తారు. ఆది, సోమవారాల్లో సెలవులూ ఎక్కువే కాబట్టి టేబుల్ ముందే బుక్ చేసుకోవడం మేలు.

మాంసాహారులు ‘కెనెల్’ తప్పక రుచి చూడాలి. పైక్ చేప గుజ్జులో గుడ్లు, వెన్న, పిండి కలిపి, కోలగా చుట్టి ఉడికిస్తారు. పైన క్రేఫిష్ సాస్ పోస్తారు. ‘అందూయెట్’ మాత్రం పంది పేగులతో చేసే సాసేజ్, వాసన ఘాటు.

శాకాహారులకు ఎంపిక తక్కువ. లియోన్ సలాడ్‌లో పంది మాంసం ముక్కలుంటాయి. పట్టునేతగాళ్ల పేరుమీద వెలసిన ‘సెర్వెల్ ద కాన్యూ’ హాయిగా అడగవచ్చు: మెత్తటి తాజా చీజ్‌లో సన్న ఉల్లి, ఆకుమసాలాలు. పాలను గడ్డకట్టించడానికి వాడే జంతు సంబంధ పదార్థం ‘రెనెట్’ వద్దనుకునేవారు చీజ్ గురించి ముందే అడగాలి.

మధ్యాహ్నం ‘ఫార్ములా’ తీసుకుంటే రెండు వంటకాలు ఒకే ధరకు వస్తాయి. ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. సర్వీసు చార్జీ బిల్లులోనే ఉంటుంది. టిప్పు మీ ఇష్టం.