కొంకిపురుగు: దాని జీవితచరిత్రము

పైరుల నాశించు పురుగులనుగూర్చి పలుమారు వ్రాసియుంటిమి. ఈ మాసమున రైతునే ఆశించు పురుగునుగూర్చి వ్రాయుచున్నాము.

"వాడు సోమరి, నాలుగు మళ్లు నాటకముందే గట్టున కూలబడును" అని కూలివానిని నిందించుట మేము తరచు వినుచుందుము. వాని కనురెప్ప లోపలిభాగము పాలిపోయియున్నచో, అది సోమరితనము గాక రక్తహీనత కావచ్చును. రక్తహీనతకు కారణములు పెక్కు. వానిలో నొకటి కొంకిపురుగు.

ఇది సుమారు 1 సెంటీమీటరు పొడవుగల సన్నని పురుగు. చిన్నప్రేవుల గోడను నోటితో కరచిపట్టుకొని రక్తము త్రాగును. దక్షిణదేశమున నెక్కువగా కానవచ్చు జాతిలో ఆడుపురుగు దినమునకు సుమారు 9,000 గ్రుడ్లు పెట్టును. అవి మలముతో బయటపడి, తేమయు నీడయు గల నేలలో ఒకటిరెండు దినములకే పిల్లలగును. ఆ పిల్లలు రెండుసార్లు కుబుసము విడిచి, 5 మొదలు 10 దినములలో మనుష్యుని సోకుటకు సిద్ధమగును. వట్టికాలు తగిలినంతనే చర్మమును తొలుచుకొని రక్తములో జొచ్చి, ఊపిరితిత్తులు చేరి, గొంతుకవరకు ప్రాకి, మ్రింగబడి ప్రేవులలో స్థిరపడును. ఈ చర్మమార్గమును 1898లో ఈజిప్టుదేశమున లూస్ అను శాస్త్రజ్ఞుడు, పిల్లపురుగులున్న నీరు తన చేతిపై పడినప్పుడు గుర్తించెను.

ఒక్క పురుగు దినమునకు త్రాగునది 1 మిల్లీలీటరులో నూటికి 3 పాళ్లు మాత్రమే. కాని 100 పురుగులున్నచో నెలకు 90 మిల్లీలీటర్లగును. చిన్న వడ్డీయే యిల్లు గుల్లచేయుట సంఘసభ్యు లెరుగనిది కాదు.

ఒక్క విషయము ముఖ్యముగా గమనింపుడు. ఈ గ్రుడ్లు కడుపులో పురుగులు కానేరవు. నేలను చేరియే తీరవలెను. కడుపున నూరు పురుగులున్నచో, నూరును బయటినుండి వచ్చినవే. కావున నేలను కాపాడినచో పురుగువంశము నిలువజాలదు.

వైద్యుడిచ్చు ఆల్బెండజోల్ మాత్ర పురుగులను వెడలగొట్టును. తగ్గిన రక్తమునకు ఇనుపధాతువుగల మాత్రలు వలయును. గర్భిణులు వైద్యుని యడుగక పురుగుల మందు మ్రింగరాదు. అయినను మాత్ర కలుపుతీతవంటిది. విత్తనము రాలుచునే యుండగా కలుపు తీసి ఫలమేమి?

దమ్ముచేసిన మడిలో చెప్పులతో దిగుట సాధ్యము కాదని మే మెరుగుదుము. కావున మరుగుదొడ్డియే ప్రధానోపాయము. ఇంటివారేగాక కూలివారును దానిని వాడునట్లు చూడవలెను. గట్లపైనను తోపులలోను తిరుగునప్పుడు చెప్పులు తొడుగవలెను. నిండిన గుంతను మూసి, సంవత్సరమునకు తక్కువగాక మ్రగ్గనిచ్చిన పిదపనే యెరువుగా వాడవలెను.

ఇకమీద గట్టున కూలబడినవానిని నిందింపక, ముందు వైద్యునికి చూపుడు.